ఇంగ్లీషు వాక్యంలో ఏది నౌనో ఏది వెర్బో పిల్లలకు ఎలా తేల్చి చెప్పాలి?

ప్రశ్న: నరసన్నపేట నుంచి, ట్యూషన్ చెప్పే టీచరు

అందరికీ నమస్కారం. మా వీధిలో ఏడు, ఎనిమిది తరగతులు చదివే పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతుంటాను. పేరును తెలిపేది నౌన్, పనిని తెలిపేది వెర్బ్ అన్న నిర్వచనం వాళ్లందరికీ కంఠతా వచ్చు. ఆ నిర్వచనాన్ని పట్టుకొని వాక్యంలోకి దిగితేనే చిక్కు వస్తోంది. 'ది వర్క్ వాజ్ హార్డ్' అన్న వాక్యం ఇచ్చి వెర్బ్ కింద గీత గీయమంటే, ఎక్కువ మంది 'వర్క్' కింద గీత గీస్తున్నారు. ఎందుకని అడిగితే, 'వర్క్ అంటే పనే కదా టీచర్' అంటున్నారు. బట్టీపట్టించిన నిర్వచనం ప్రకారం చూస్తే వాళ్ల మాటను కాదనడానికి నాకు దారి కనిపించడం లేదు.

ఇదొక్కటే కాదు. 'ఎరైవల్', 'మ్యారేజ్', 'డిస్కషన్' అన్నవన్నీ జరిగే పనులే అయినా నౌన్లు. 'నో', 'హావ్', 'బిలాంగ్' అన్నవాటిలో కంటికి కనిపించే పని ఏదీ లేకపోయినా అవి వెర్బులు. రాతలోకి వచ్చేసరికి 'హి సక్సెస్డ్ ఇన్ ది ఎగ్జామ్', 'ఐ కంప్లైంటెడ్ టు ది హెడ్‌మాస్టర్' వంటి వాక్యాలు నోటుపుస్తకాల నిండా కనిపిస్తున్నాయి. అర్థాన్ని బట్టి కాకుండా వేరే పద్ధతిలో పిల్లలు తమంతట తాము తేల్చుకొనేలా నేర్పే మార్గం ఉంటే, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: విజయనగరం నుంచి, విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు

టీచరు గారికి నమస్కారం. మీ పిల్లలు నిర్వచనాన్ని నమ్మి, దాని ప్రకారమే జవాబు చెప్పారు కాబట్టి వాళ్లను తప్పుపట్టకండి. మార్చవలసింది మనం అడిగే ప్రశ్నను. 'ఈ మాటకు అర్థం పనేనా' అని అడిగినంత కాలం ఈ చిక్కు వీడదు. 'ఈ మాట ఈ వాక్యంలో ఎక్కడ కూర్చుంది, దాని ముందు ఏముంది, దాని రూపం ఎలా మారుతుంది' అని అడగడం నేర్పాలి.

ఇంగ్లీషులో వాడుకలో ఉన్న చిన్న చిన్న మాటల్లో చాలావాటిని విడిగా చూపించి ఇది నౌన్, ఇది వెర్బ్ అని చెప్పడం ఎవరి తరమూ కాదు. పలాస జీడిపప్పు మన పిల్లలందరికీ తెలుసు కాబట్టి 'షెల్' అన్న మాటను తీసుకోండి. 'ది షెల్ ఈజ్ హార్డ్' అన్నప్పుడు అది జీడిగింజ మీది పెంకు, అంటే నౌన్. 'విమెన్ షెల్ ది నట్స్' అన్నప్పుడు అదే మాట ఆ పెంకును వలిచి తీయడం, అంటే వెర్బ్. స్పెల్లింగులో గాని, ఉచ్చారణలో గాని పిసరంత తేడా లేదు. భావనపాడు తీరంలో వలలో పడేదీ 'ఫిష్'గానే ఉంటుంది, దాన్ని పట్టడమూ 'ఫిష్'గానే ఉంటుంది. 'వాటర్' అంటే నీళ్లు, 'షి వాటర్స్ ది ప్లాంట్స్' అంటే మొక్కలకు నీళ్లు పోస్తుంది. 'ఆన్సర్', 'పేపర్', 'హ్యాండ్', 'బుక్', 'డ్రీమ్' అన్నీ ఇదే తీరుగా నడుస్తాయి.

ఈ స్థితికి కారణం ఆ భాష చరిత్రలోనే ఉంది. సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ప్రేమ అనే నామవాచకం 'లుఫు', ప్రేమించడం అనే క్రియ 'లుఫియన్'. చివరి అక్షరాలను చూసి ఏది ఏదో అప్పటివాళ్లు వెంటనే గుర్తుపట్టేవారు. తరువాతి శతాబ్దాల్లో మాటల చివర ఉండే ఆ ప్రత్యయాలు క్రమంగా అరిగిపోయి రెండూ ఒకే 'లవ్'గా మిగిలాయి. ప్రత్యయాలు చేసే పనిలో ఎక్కువ భాగం వాక్యంలోని స్థానం మీద పడింది. అందువల్ల పిల్లలు పట్టుకోవలసింది ఆ స్థానాన్నే.

తరగతిలో నేను మొదట చేయించేది కాలం మార్పు. వాక్యాన్ని నిన్నటికి మార్చమనండి. 'ది వర్క్ ఈజ్ హార్డ్' అన్నది నిన్నటికి మారితే 'ది వర్క్ వాజ్ హార్డ్' అవుతుంది. ఏ మాట మారిందో చూడమనండి. 'ఈజ్' మారి 'వాజ్' అయింది, 'వర్క్' కదలలేదు. కాబట్టి వెర్బ్ 'ఈజ్', 'వర్క్' కాదు. 'దె వర్క్ హార్డ్' అన్నది నిన్నటికి మారితే 'దె వర్క్‌డ్ హార్డ్' అవుతుంది. ఇక్కడ మారినది 'వర్క్', కాబట్టి ఇక్కడ అదే వెర్బ్. ఈ రెండు వాక్యాలనూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, మారిన మాట మీద రంగు సుద్దముక్కతో గీత పెట్టిస్తే, పని అన్న అర్థంతో సంబంధం లేకుండానే ఎనిమిదో తరగతి పిల్లవాడు తేల్చి చెప్పగలడు. 'కట్', 'పుట్', 'హిట్' వంటి కొన్ని మాటలు నిన్నటికి మార్చినా మారవు. అటువంటి చోట వాక్యాన్ని కాదనమనండి. 'దె కట్ ది గ్రాస్' అన్నది 'దె డిడ్ నాట్ కట్ ది గ్రాస్' అవుతుంది. 'డిడ్ నాట్' వెనుక వచ్చి నిలిచినది వెర్బ్.

రెండవది ముందున్న మాటను చూడడం. 'ఎ', 'యాన్', 'ది', 'మై', 'దిస్', 'మెనీ' వంటి మాటలు ముందుండి దారి చూపితే వెనుక ఎక్కడో ఒక నౌన్ తప్పకుండా ఉంటుంది. మధ్యలో విశేషణాలు ఎన్ని దూరినా సరే, 'ది లాంగ్ టైరింగ్ వాక్' అన్నప్పుడు 'ది' వేచి ఉన్నది చివరనున్న 'వాక్' కోసమే. 'కెన్', 'విల్', 'మస్ట్', 'డోంట్' వంటివి ముందుంటే వెనుక వచ్చేది వెర్బ్. 'యు మస్ట్ వాక్' అన్నప్పుడు అదే 'వాక్' వెర్బ్.

ఇక మాట చివర వచ్చే 'ఎస్' విషయంలో పిల్లలు ఎక్కువగా తడబడతారు. 'ది షెల్స్ ఆర్ హార్డ్' అన్నప్పుడు 'ఎస్' పెంకులు అనేకమని చెబుతుంది. 'షి షెల్స్ ది నట్స్' అన్నప్పుడు అదే 'ఎస్' ఆ పని చేసే మనిషి ఒక్కరేనని చెబుతుంది. నౌన్‌కు చేరితే బహువచనం, వెర్బుకు చేరితే కర్త ఏకవచనం. ఈ ఎదురుబొదురు సంగతిని ఒకసారి స్పష్టంగా చెప్పకపోతే, 'ది బాయ్స్ రన్స్' అని రాసే అలవాటు డిగ్రీ దాకా వెంట వస్తుంది.

'టు' ముందుంటే వెర్బే అన్న సూత్రాన్ని మాత్రం నేర్పకండి. 'హి వాంట్స్ టు వర్క్' అన్నప్పుడు అది వెర్బే కాని, 'హి ఈజ్ యూజ్డ్ టు హార్డ్ వర్క్' అన్నప్పుడు నౌన్. 'హి వెంట్ టు వర్క్' అన్న వాక్యమైతే పనిచేసే చోటికి వెళ్లాడని, పని చేయడానికి వెళ్లాడని రెండు విధాలా చెల్లుతుంది. అటువంటి వాక్యాన్ని పరీక్షలో ఇచ్చి పిల్లవాడి మార్కు కోయడం నా దృష్టిలో అన్యాయం.

సమాధానం: పలాస నుంచి, బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్న అభ్యర్థి

మాస్టారు చెప్పినది తరగతిలో చక్కగా పనికివస్తుంది. పోటీ పరీక్షల కోణం నుంచి ఒక మాట చేర్చాలనిపించింది. మాకు శిక్షణ ఇచ్చేచోట 'షన్', 'మెంట్', 'నెస్', 'అన్స్' అని ముగిస్తే నౌన్ అనీ, 'ఐజ్', 'ఇఫై', 'ఎన్' అని ముగిస్తే వెర్బ్ అనీ చెబుతారు. ఇది చాలా మాటలకు సరిపోతుంది. 'క్రియేషన్', 'పేమెంట్', 'డార్క్‌నెస్' నౌన్లు, 'సింప్లిఫై', 'షార్టెన్' వెర్బులు. అయితే 'మెన్షన్', 'క్వశ్చన్', 'కామెంట్', 'ఇంప్లిమెంట్', 'ఎక్స్‌పెరిమెంట్' అన్నవి నౌన్లుగానే కాక వెర్బులుగా కూడా నడుస్తాయి కాబట్టి, ముగింపును చూసి తొందరపడితే తప్పులు పట్టే ప్రశ్నల్లో దెబ్బతింటాము. ముగింపు ఒక ఆధారం మాత్రమే, తీర్పు వాక్యానిదే.

సమాధానం: బొబ్బిలి నుంచి, తెలుగు పండితుడు

ఇంగ్లీషు బోధన నా పరిధిలోనిది కాదు గాని, టీచరు గారు ప్రస్తావించిన 'సక్సెస్డ్', 'కంప్లైంటెడ్' అన్న తప్పులకు మూలం మన తెలుగులోనే ఉందని నాకు అనిపిస్తున్నది. అందువల్ల రాస్తున్నాను.

మనం ఇంగ్లీషు మాటను తెలుగు వాక్యంలోకి తెచ్చుకొనేటప్పుడు దాని వెనుక 'చేయు', 'అవు' అన్న క్రియలను తగిలిస్తాము. 'బస్సు కోసం వెయిట్ చేశాను', 'బాధగా ఫీల్ అయ్యాను', 'హెడ్‌మాస్టరుకు కంప్లైంట్ చేశాను', 'పరీక్షలో సక్సెస్ అయ్యాడు' అని ఇంట్లోనూ వీధిలోనూ రోజంతా వింటాము. వీటిలో 'వెయిట్', 'ఫీల్' ఇంగ్లీషులో క్రియలుగా నడిచే మాటలు. 'కంప్లైంట్', 'సక్సెస్' కేవలం నామవాచకాలు. మన వాక్యంలోకి వచ్చేసరికి నాలుగింటికీ ఒకే ఆసనం వేసి కూర్చోబెట్టాము, క్రియ పనంతా 'చేయు', 'అవు' చూసుకుంటున్నాయి. కాబట్టి తెలుగు పిల్లవాడి చెవికి ఆ నాలుగూ ఒకే జాతికి చెందిన మాటలుగా వినిపిస్తాయి. 'వెయిట్ చేశాను' అన్నది 'వెయిటెడ్' అయినప్పుడు 'కంప్లైంట్ చేశాను' అన్నది 'కంప్లైంటెడ్' ఎందుకు కాకూడదన్నది వాడి లెక్క. వాడు ఆ లెక్క వేసుకోగలిగాడంటే తెలివి ఉన్నదనే అర్థం. వాడికి అందించవలసినది 'కంప్లైంట్' పక్కన 'కంప్లైన్', 'సక్సెస్' పక్కన 'సక్సీడ్', 'చాయిస్' పక్కన 'చూజ్', 'లాస్' పక్కన 'లూజ్', 'డెత్' పక్కన 'డై' అన్న జంటలు. ఇవి విడివిడిగా కాక, జంటలుగానే నోటికి రావాలి.

స్థానాన్ని బట్టి మాట జాతి మారడం పిల్లలకు కొత్త సంగతేమీ కాదని కూడా చూపించవచ్చు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగకు వెళ్లివచ్చిన పిల్లలను 'మొక్కు' అన్న మాటను రెండు వాక్యాల్లో వాడమనండి. 'మా అమ్మకు ఒక మొక్కు ఉంది' అని ఒకరు అంటారు, 'అమ్మవారికి మొక్కు' అని ఇంకొకరు అంటారు. మొదటిది నామవాచకం, రెండవది క్రియ. 'నవ్వు', 'తిట్టు', 'కట్టు', 'వెలుగు' అన్నవీ అంతే. తేడా ఏమిటంటే, మన భాషలో ఆ మాట వెంటనే విభక్తినో క్రియా ప్రత్యయాన్నో తొడుక్కొని తన జాతిని చెప్పుకుంటుంది. 'మొక్కులు', 'మొక్కును' అంటే నామవాచకం, 'మొక్కింది', 'మొక్కుతారు' అంటే క్రియ. మాస్టారు చెప్పినట్లు ఇంగ్లీషులో ఆ ప్రత్యయాల్లో చాలాభాగం అరిగిపోయాయి కాబట్టి, తెలుగులో మాట చివర చూసే పిల్లవాడు ఇంగ్లీషులో మాట ముందు చూడడం అలవాటు చేసుకోవాలి. ఈ ఒక్క దిశ మార్పును తెలుగు, ఇంగ్లీషు ఉపాధ్యాయులు కలిసి చెబితే పిల్లలకు ఎంతో మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

అర్థాన్ని బట్టి విభజించడంలోని ఇబ్బందిని మన ప్రాచీనులు కూడా గమనించారు. యాస్కుడు వేదపదాల అర్థాలను వివరించే నిరుక్తంలో 'భావప్రధానమాఖ్యాతం, సత్త్వప్రధానాని నామాని' అని, అంటే జరగడం ప్రధానంగా ఉన్నది క్రియ, ఉనికి ప్రధానంగా ఉన్నది నామం అని చెప్పి అక్కడితో ఆగలేదు. వెళ్లడం, వండడం అన్న పనులనే 'వ్రజతి', 'పచతి' అని క్రియలుగానూ చెప్పవచ్చు, ఒక గడ్డకట్టిన వస్తువుగా భావించి 'వ్రజ్యా', 'పక్తి' అని నామాలుగానూ చెప్పవచ్చునని వివరించాడు. టీచరు గారి 'ఎరైవల్', 'మ్యారేజ్' అచ్చంగా ఈ కోవలోనివే. సంస్కృత వ్యాకరణకర్త పాణిని అయితే అర్థం జోలికే పోకుండా 'సుప్తిఙన్తం పదమ్' అన్నాడు. సుప్ ప్రత్యయాలు, అంటే నామాలకు చేరే విభక్తులు చివర ఉన్నది ఒక రకం, తిఙ్ ప్రత్యయాలు, అంటే క్రియలకు చేరేవి చివర ఉన్నది ఇంకొక రకం. రూపాన్ని చూసి జాతిని నిర్ణయించే పద్ధతి మన సంప్రదాయంలో అంత పాతది.

మళ్లీ ప్రశ్న: నరసన్నపేట టీచరు

పెద్దలందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన కాలం మార్పును పిల్లల చేత చేయించాను. 'ది వర్క్ వాజ్ హార్డ్' విషయంలో ఇప్పుడు వాళ్లే ఒకరినొకరు సరిదిద్దుకుంటున్నారు. పండితులు గారు చెప్పిన జంటలను గోడకు రాసి పెట్టించాను. ఒక్కచోట మాత్రం మళ్లీ ఆగిపోయాము. 'ఐఎన్‌జీ' చేరిన మాటలను ఏమనాలి? 'స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్' అన్నదానిలో 'స్విమ్మింగ్' వెర్బ్ అని సగం మంది, నౌన్ అని సగం మంది పట్టుబడుతున్నారు. ఒకే స్పెల్లింగ్ ఉన్న మాటలను చదివేటప్పుడు ఉచ్చారణలో తేడా చూపాలా అన్నది ఇంకొక సందేహం.

సమాధానం: ఆమదాలవలస నుంచి, జూనియర్ కళాశాల ఇంగ్లీషు అధ్యాపకురాలు

ఉచ్చారణ సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే దాన్ని మన తరగతుల్లో దాదాపు పూర్తిగా వదిలేస్తున్నారు. కొన్ని జంటల్లో తేడా తెలుగు లిపిలోనే రాసి చూపించవచ్చు. వాడకం అన్న నౌన్ 'యూస్', వాడడం అన్న వెర్బ్ 'యూజ్'. స్పెల్లింగు రెండింటికీ ఒకటే. ఇల్లు 'హౌస్', ఆశ్రయం కల్పించడం 'హౌజ్'. సలహా 'అడ్వైస్', సలహా ఇవ్వడం 'అడ్వైజ్', ఇక్కడ స్పెల్లింగు కూడా మారుతుంది. శ్వాస 'బ్రెత్', శ్వాసించడం 'బ్రీద్'. 'ఐ విల్ అడ్వైస్ యు' అని పలికే పిల్లవాడు రాసేటప్పుడు కూడా నౌన్ స్పెల్లింగే రాస్తాడు కాబట్టి, నోటిని సరిదిద్దితే రాత సగం సర్దుకుంటుంది. అభ్యాసం అన్న అర్థంలోని 'ప్రాక్టిస్' మాత్రం దీనికి భిన్నం. మనం అనుసరించే బ్రిటిష్ పద్ధతిలో నౌన్‌కు 'సి', వెర్బుకు 'ఎస్' రాసినా, పలకడంలో తేడా లేదు.

తెలుగు లిపిలో పూర్తిగా చూపలేని తేడా ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని మిగతావాటికంటే నొక్కి పలకడం. 'పర్మిట్', 'ఇంపోర్ట్', 'ఆబ్జెక్ట్', 'రికార్డ్' వంటి రెండు అక్షరాల మాటల్లో నౌన్ అయితే మొదటి అక్షరం మీద, వెర్బ్ అయితే రెండవ అక్షరం మీద ఊనిక పడుతుంది. 'రికార్డ్'లో ఊనికతో పాటు మొదటి అచ్చు కూడా మారి, నౌన్ 'రెకార్డ్'గా వినిపిస్తుంది. తెలుగులో ఊనిక మారినంత మాత్రాన మాట మారదు కాబట్టి మన చెవి దీన్ని పట్టించుకోదు. పిల్లలకు వాక్యాలుగా చదివి వినిపించడమే దీనికి మార్గం. అన్ని మాటలూ ఇలా ఉండవు. 'రిపోర్ట్', 'సపోర్ట్', 'రెస్పెక్ట్' నౌన్ అయినా వెర్బ్ అయినా ఊనిక రెండవ అక్షరం మీదే. 'ఆన్సర్', 'విజిట్' రెండు విధాలా మొదటి అక్షరం మీదే. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, సవర గిరిజనుల మాటను చెవితో విని నేర్చుకున్న తరువాతే ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఆయన పుట్టిన గడ్డ మీద భాష నేర్పే మనం పిల్లలకు వాక్యం వినిపించకుండా సూత్రాన్ని ముందు పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు 'ఐఎన్‌జీ'. పొందూరు ఖద్దరు మన జిల్లా పేరు నిలబెట్టిన నేత కాబట్టి 'వీవింగ్' అన్న మాటతో చూద్దాము. 'షి ఈజ్ వీవింగ్ ఎ శారీ' అన్నప్పుడు ముందున్న 'ఈజ్'తో కలిసి అది వెర్బ్. 'ది ఫైన్ వీవింగ్ ఆఫ్ పొందూరు ఈజ్ ఫేమస్' అన్నప్పుడు ముందు 'ది', విశేషణంగా 'ఫైన్', వెనుక 'ఆఫ్' ఉన్నాయి కాబట్టి అది నిక్కమైన నౌన్. ఈ రెండింటి మధ్యన మూడవది ఒకటి ఉంది, మీ పిల్లలు పట్టుబడుతున్నది అక్కడే. 'వీవింగ్ ఫైన్ క్లాత్ టేక్స్ పేషన్స్' అన్న వాక్యంలో 'వీవింగ్ ఫైన్ క్లాత్' అన్న మాటల గుంపంతా కలిసి నౌన్ కూర్చునే చోట, అంటే కర్త స్థానంలో కూర్చుంది. ఆ గుంపు లోపల చూస్తే 'వీవింగ్' తన వెనుక 'ఫైన్ క్లాత్' అనే కర్మను తీసుకొని వెర్బులా నడుస్తోంది. దీన్నే వ్యాకరణంలో జెరండ్ అంటారు. బయటి నుంచి చూస్తే నౌన్, లోపలి నుంచి చూస్తే వెర్బ్. తెలుగులో 'సన్నని బట్టను నేయడం' అన్నప్పుడు 'నేయడం' కూడా ఇలాగే 'బట్టను' అన్న కర్మను ఉంచుకొని, 'నేయడానికి', 'నేయడంలో' అని విభక్తులనూ చేర్చుకుంటుంది. ఈ పోలిక చెబితే పిల్లలు వెంటనే అందుకుంటారు.

కాబట్టి 'స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్' అన్నదానిలో 'స్విమ్మింగ్' నౌన్ అన్నవాళ్లకు మార్కు ఇవ్వండి, ఎందుకంటే అది కర్త స్థానంలో ఉంది, వెనుక కర్మ లేదు, వాక్యాన్ని నిన్నటికి మార్చితే మారేది 'ఈజ్' ఒక్కటే. వెర్బ్ అన్నవాళ్లను ఊరికే తప్పని తోసేయకుండా, వాళ్ల చేతనే 'స్విమ్మింగ్ ది నాగావళి ఈజ్ డేంజరస్' అన్న వాక్యం రాయించి, నాగావళిని ఈది దాటడం అన్న అర్థంలో అక్కడ 'స్విమ్మింగ్' వెనుక కర్మ ఎలా వచ్చి చేరిందో చూపించండి. వెర్బ్ కింద గీత గీయమన్న ప్రశ్నకు మాత్రం ఆ రెండు వాక్యాల్లోనూ గీత పడవలసినది 'ఈజ్' కిందనే.